ఆసుపత్రి గేటు దాటాక

ఆటిజం పిల్లలకే కాదు, వాళ్లు పెద్దయినా ఉంటుంది. కేకలేస్తున్నాడని, తల బాదుకుంటున్నాడని పాతికేళ్లవాణ్ణి మానసిక ఆసుపత్రిలో చేర్చి, మళ్లీ తెచ్చుకోని ఇళ్లున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదన్న కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచేయకూడదు. 2001లో ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో పోయిన సంగతి మనం మరిచిపోలేదు కదా!

మరి బయటికొచ్చినవాడు ఎక్కడుండాలి? నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఒక గది చాలు. అయితే ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల పక్కన వద్దు. ఆ ఉలి చప్పుడు మనకు అలవాటే, అతనికి మాత్రం నరకం కావచ్చు. తోడుండే మనిషి ముందే ఆసుపత్రికి నాలుగైదుసార్లు వెళ్లి పరిచయం కావాలి. గది ఫొటోలు చూపాలి. అన్నం వేళ, పడుకునే వేళ మారకూడదు. మనిషి అసలే మారకూడదు.

వికలాంగ ధ్రువపత్రముంటే నిరామయ బీమా లక్ష రూపాయల దాకా వైద్యానికి వస్తుంది. తోడుమనిషి జీతం అందులో రాదు. మనం రంజాన్‌లో ఒక్కసారి ఇస్తాం. ఈ జీతం మాత్రం పన్నెండు నెలలూ కావాలి.