మన్యపు కొండలకు తగిన జంతువు
లామా, అల్పాకాలను గూర్చిన విచారణయు, మేకల పోషణయు

దక్షిణ అమెరికా ఖండమునందలి ఆండీస్ పర్వతములలో లామా, అల్పాకా యను రెండు పెంపుడు జంతువులు కలవు. ఇవి ఒంటె కుటుంబమునకు చెందినవైనను మూపురము లేనివి. పెరూ, బొలీవియా దేశముల కొండరైతులు వీనిని వేల సంవత్సరములనుండి పోషించుచున్నారు. లామా బరువులు మోయును. అల్పాకా మెత్తని ఉన్ని నిచ్చును. ఇట్టి జంతువును అరకులోయలో మాత్రము ఏల పెంచరాదని రైతునకు తోచుట సహజము. ఆ ప్రశ్నకు సమాధానమును, అందుండి గ్రహింపదగిన పాఠమును ఇందు వివరింపబడుచున్నవి.

కొండకును కొండకును గల భేదము

అల్పాకాలు మేయు పీఠభూములు సాధారణముగా సముద్రమట్టమునకు 12,000 మొదలు 15,000 అడుగుల యెత్తున నున్నవి. అచటి గాలి చల్లనిది, పలుచనిది. రాత్రులందు నీరు గడ్డకట్టును. అరకులోయ యెత్తు సుమారు 3,000 అడుగులు మాత్రమే. ఆ చుట్టుపట్ల మిక్కిలి యెత్తైన శిఖరములును 5,500 అడుగులకు మించుట అరుదు. శీతకాలమున చలి యున్నను, జూన్ మొదలు అక్టోబరు వఱకు వానయు తేమయు విడువవు. దట్టమైన ఉన్ని గల జంతువు తేమతో కూడిన ఉక్కను సహింపజాలదు. పైగా ఏటేట ఉన్ని కత్తిరించు నేర్పరియు, దానిని కొను వర్తకుడును, ఆ జంతువు రోగముల నెఱిగిన వైద్యుడును సమీపమున నుండవలెను. విదేశముల నుండి పశువులను తెచ్చుటకు 1898 నాటి పశువుల దిగుమతి చట్టము ననుసరించి ప్రభుత్వపు అనుమతియు కావలెను.

తెలుగుదేశముననే దీనికి నిదర్శనము కలదు. తెలంగాణపు మెట్టభూములలో దక్కనీ గొఱ్ఱె ఉన్ని నిచ్చును. దానితో గొంగళ్లు నేయుదురు. కోస్తా యందలి నెల్లూరు గొఱ్ఱెకు ఉన్నియే లేదు, పొట్టి వెండ్రుకలు మాత్రమే కలవు. కావున జంతువును దాని గొప్పను చూచి గాక, నేలను చూచి యెన్నుకొనవలెను. మన్యపు రైతునకు అట్టి జంతువు మేక. కష్టకాలమున సంతకు తోలి సొమ్ము చేసికొనదగినది అదియే. అయినను ఆలనాపాలనలు లేనిచో ఒక్క వర్షకాలముననే మంద యంతయు నశింపవచ్చును.

కొట్టము

మేకకు చలికంటె తడి యెక్కువ శత్రువు. నేలపై పేడయు మూత్రమును కలిసి బురదయైన కొట్టమున గిట్టలు కుళ్లును, దగ్గు పుట్టును. నేలకు 3 అడుగుల యెత్తున వెదురుబద్దలతో మంచె కట్టవలెను. బద్దల నడుమ అర అంగుళము సందు విడిచిన పెంటికలు క్రిందికి రాలును, గిట్ట యిరుకదు. పెద్దమేక యొక్కింటికి 10 చదరపు అడుగుల చోటు చాలును. వానజల్లు వచ్చు దిక్కున తడక కట్టవలెను. క్రింద రాలిన పెంటిక అల్లమునకును, పసుపునకును మేలైన యెరువు.

మేత

మేక ఆకు మేయు జంతువు. పెద్దమేకకు దినమునకు 3 మొదలు 4 కిలోల పచ్చిమేత కావలెను. గట్ల వెంబడి అవిసె, మునగ, సుబాబుల్ నాటుకొనవలెను. పనస ఆకును మేకలు ప్రీతితో తినును. సుబాబుల్ ఆకు మాత్రము మొత్తము మేతలో మూడవ వంతునకు మించరాదు. మించిన వెండ్రుకలు రాలును. మంచు ఆఱకముందు మందను మేతకు విడువరాదు, తడిగడ్డిపై పురుగుల పిల్లలు ప్రాకియుండును. లేత కాఫీమొక్కలున్న తోటలోనికి మేకలను రానీయరాదు. ఒక్క పూటలో అవి చేయు నష్టమును పూడ్చుటకు ఏండ్లు పట్టును.

రోగములు

పారుడు రోగము (పి.పి.ఆర్.) మన దేశమున మొదటిసారిగా 1987లో గుర్తింపబడెను. జ్వరము, కన్నుముక్కుల నుండి నీరు, నోటిపుండ్లు, పారుడు దీని లక్షణములు. సంతనుండి తెచ్చిన ఒక్క మేకతో ఇది మందయంతకు అంటుకొనును. దీనికి టీకా కలదు. ఒకమారు వేసిన పెక్కు సంవత్సరములు కాపాడును.

చిటుకు రోగము తొలకరి లేతగడ్డిని కడుపార మేసిన బలిసిన మేకలకే తఱచుగా వచ్చును. సాయంకాలము బాగుగ నున్న మేక తెల్లవాఱునప్పటికి చచ్చి పడియుండును. వైద్యమునకు వ్యవధి యుండదు గనుక వానలకు ముందే, మే నెలలో, టీకా వేయింపవలెను. మొదటిసారి వేయించునప్పుడు కొన్ని వారములకు రెండవ మోతాదు కూడ అవసరము.

కనురెప్పల లోపలిభాగము పాలిపోయినను, దవడక్రింద నీరుదిగినను, కడుపులో నెత్తురు త్రాగు పురుగులున్నట్లు శంకింపవలెను. పశువైద్యునిచే పెంటికను పరీక్షింపించి, మేక బరువు ననుసరించి మందు త్రాగింపవలెను. తక్కువ మోతాదు వలన పురుగులు చావవు, మందునకు అలవాటుపడును.

పిల్లలు

మేక చూలు సుమారు 150 దినములు. 25 ఆడమేకలకు ఒక పోతు చాలును. ఆ పోతును రెండేండ్లకొకమారు మార్చనిచో తండ్రికూతుళ్ల పొత్తు కలిగి సంతానము బలహీనమగును. పిల్ల పుట్టిన గంటలోపున జున్నుపాలు త్రాగింపవలెను, బొడ్డునకు అయోడిను పూయవలెను. జున్నుపాలు దక్కని పిల్లకు రోగమును తట్టుకొను శక్తి యుండదు.

సంగ్రహము

1. మే నెలలో మంచె మరమ్మతు చేసి, టీకాలు వేయింపవలెను.
2. సంతలో కొన్న మేకను మూడు వారములు వేఱుగ నుంచవలెను.
3. గట్లపై మేతచెట్లు నాటి, కాఫీతోటకు కంచె వేయవలెను.
4. మంచు ఆఱిన పిదపనే మందను తోలవలెను.
5. ఒక మేక అకస్మాత్తుగ చచ్చినచో దానిని కోయక, తినక, అమ్మక, వెంటనే పశువైద్యశాలకు తెలియజేయవలెను.

ఈ యైదు పనులకును పెట్టుబడి స్వల్పము. కావలసినది వానలకు ముందు కొన్ని దినముల శ్రమ. ఆండీస్ రైతు తన కొండకు తగిన జంతువు నెన్నుకొని తరతరములు పోషించెను. మన్యపు రైతునకు అట్టి జంతువు ఇంటిముంగిటనే కట్టివేయబడి యున్నది.