రేకుల షెడ్డు తన కరెంటు తానే తయారుచేసుకోగలదా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాది లారీ బాడీ బిల్డింగ్ షెడ్డు. కప్పు 2,000 చదరపు అడుగులు. వాడినంత కరెంటు దాని మీదే వస్తుందా?

జవాబు: రావచ్చు. అయితే లెక్క సోలార్ ప్యానెళ్లతో కాదు, వాడకంతో మొదలుపెట్టండి. దానితో పోల్చడానికి కప్పు ఎంత ఇస్తుందో చూద్దాం. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. మన ఎండకు ఒక్కో కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. నీడ పడే చోట్లు, నడిచే దారి పోను 15 కిలోవాట్లు పడితే నెలకు 1,800 యూనిట్లు. మీ వాడకం అంతకు మించితే ముందు వృథా ఆపాలి. కంప్రెసర్ గొట్టం జాయింట్లకు సబ్బునీళ్లు పూసి చూడండి. బుడగలొచ్చిన ప్రతిచోటా డబ్బు పోతున్నట్టే. పాత ట్రాన్స్‌ఫార్మర్ వెల్డింగ్ మిషన్ బదులు ఇన్వర్టర్ మిషన్ పెట్టండి, కప్పులో అక్కడక్కడా వెలుతురు రేకులు వేయించండి. తన కరెంటు తానే తయారుచేసుకునేలా కట్టిన ఢిల్లీలోని ఇందిరా పర్యావరణ్ భవన్‌లోనూ 930 కిలోవాట్ల ప్యానెళ్లు సరిపోయేలా ముందు వాడకాన్నే తగ్గించారు.

రాత్రి, వానాకాలం మాటేమిటంటారా? నెట్ మీటరింగ్‌లో గ్రిడ్‌కు పంపిన యూనిట్లను వాడకంలోంచి తగ్గిస్తారు. అందుకే ఏడాది మొత్తం లెక్క చూడాలి. నాకు అసలు భయం తుఫాను గాలి. పాత సిమెంటు రేకుల మీద ప్యానెళ్లు బిగించకండి. ముందు ట్రస్సుల బలాన్ని స్ట్రక్చరల్ ఇంజినీరుతో పరీక్ష చేయించి, 12 నెలల బిల్లులు చేతిలో పెట్టుకుని, ఆ తర్వాతే కొటేషన్ అడగండి.