కొండగెడ్డ, దాని పరీవాహక ప్రాంతము

ప్రతి గ్రామమునకును రెవిన్యూ పటములో ఎల్లలు గీయబడియున్నవి. నీరు మాత్ర మా ఎల్లల నెరుగదు. 'నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు' అని మన పెద్దలు చెప్పియున్నారు. కావున పంచాయతీ సభ్యులమైన మనము గ్రామపు టెల్లలతో పాటు నీటి ఎల్లలను గూడ నెరిగియుండవలెను. ఇందుకు గోస్తనీ నది తగిన యుదాహరణము.

ఒక కొండ, రెండు దారులు

గోస్తనీ తూర్పు కనుమలలో అనంతగిరి కొండలయందు చిన్న గెడ్డగా పుట్టుచున్నది. బొర్రా గుహల యొద్ద సున్నపురాతి నేలను దాటి, మైదానమునకు దిగి, తాటిపూడి జలాశయమును నింపి, సుమారు 120 కిలోమీటర్లు ప్రవహించి భీమునిపట్నము వద్ద బంగాళాఖాతములో కలియుచున్నది.

ఈ కొండల వరుసకు తూర్పువాలున పడిన చినుకు ఇట్లు కొద్ది దూరములోనే సముద్రమును చేరును. పడమట మాచ్‌ఖండ్ లోయలో పడిన చినుకు మరియొక దారి పట్టును. ఆ నది దిగువను సీలేరను పేరు దాల్చి, శబరిలో గలిసి, తుదకు గోదావరిని చేరును. ఇట్లు నీటిని రెండుగా చీల్చు కొండనెత్తమునకు జలవిభాజకమని పేరు. ఒక గెడ్డలోనికి నీరు దిగు నేల యంతయు దాని పరీవాహక ప్రాంతము.

వాననీటి లెక్క

ఒక హెక్టారు నేలపై ఒక సెంటీమీటరు వాన కురిసినచో లక్ష లీటర్ల నీరగును. చెట్లును, ఆకుదుబ్బును గల వాలున నీరు మెల్లగా దిగి, చాలవరకు నేలలోనికి ఇంకును. అదియే వానలు వెలిసిన పిదప ఊటగా వెలువడి గెడ్డను నడిపించును. బోడినేలపై నీరు పరుగెత్తి మట్టిని కోసికొనిపోవును. అట్టి గెడ్డ వానకాలమున పొంగును, వేసవిలో ఎండును.

కొట్టుకొనిపోయిన మట్టి యెక్కడికి పోవును? 1963-68 సంవత్సరములలో నిర్మింపబడిన తాటిపూడి జలాశయము విజయనగరము జిల్లా పొలములకు సాగునీటిని, విశాఖపట్నమునకు త్రాగునీటిని ఇచ్చుచున్నది. మట్టి మేటవేసిన మేరకు అందు నీటికి చోటు తగ్గును. కొండపై రైతుకు భూసారము పోవును, క్రింది రైతుకు నీరు పోవును. నష్ట మిరువురిదియు.

బొర్రా వంటి సున్నపురాతి నేలలలో మరియొక జాగ్రత్త కావలెను. బొగ్గుపులుసు వాయువును గ్రహించిన వాననీరు సున్నపురాతిని మెల్లమెల్లగా కరగించి బీటలను, గుహలను ఏర్పరచును. ఆ బీటలలో దిగు నీరు చక్కగా వడియకయే ఊటలను చేరును. కావున అట్టి గోతులలో చెత్తను, మురుగును వేయరాదు.

మనము చేయవలసినది

పోడు చేయు గిరిజన కుటుంబమును నిందించి ప్రయోజనము లేదు. వారికి తిండిగింజలు కావలెను. వాలున కడ్డముగా రాతికట్టలు వేయుటయు, సిల్వరు ఓకు నీడలో కాఫీని, మిరియమును పెంచుటయు వారికి ఆదాయము నిచ్చుచు నేలను గాపాడు పద్ధతులు. ఈ కొండలలో అట్టి తోటలు గలవు.

నేల సంరక్షణము, చిన్ననీటి పారుదల, పరీవాహక ప్రాంతాభివృద్ధి పంచాయతీలకు అప్పగింపదగిన విషయములని 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణమునందు చేర్చబడినది. షెడ్యూల్డు ప్రాంతములలో చిన్న నీటివనరుల ప్రణాళికను, నిర్వహణమును తగిన స్థాయి పంచాయతీలకు అప్పగింపవలెనని 1996 నాటి చట్టము చెప్పుచున్నది. అధికార మున్నచోట బాధ్యతయు నుండును. కావున,

1. వానకాలమున కొండనెత్తమున నడచి, నీరు ఎటు చీలుచున్నదో చూచి పటమున గుర్తింపవలెను.

2. వేసవిలో ఏ ఊట నిలిచినది, ఏది యెండినది ఏటేట వ్రాసియుంచవలెను.

3. పనిని పైనుండి క్రిందికి సాగింపవలెను. పైవాలును విడిచి క్రింద చెరువు పూడిక తీసినచో అది మరల పూడును.

4. ఎగువ, దిగువ పంచాయతీలవారు ఏటి కొకసారియైన కలిసి కూర్చుండి మాటలాడవలెను.

ఎగువ గ్రామము నిలిపిన మట్టి దిగువ గ్రామమునకు నీరగును. గెడ్డ యొక్కటియే అయినపుడు, దాని గట్టుల నున్న మనమందరము ఒక యూరివారమే.