మోటారు ఇంజనులోని పళ్ల పట్టా

గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో యంత్రములను గూర్చి మేము పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "మాష్టారూ, మోటారు ఇంజను అంతయు ఇనుమే గదా. దానిలో ముఖ్యమైన పట్టాను రబ్బరుతో నెందుకు చేసిరి? అది తెగిపోదా?" అని యడిగెను. ప్రశ్న మంచిది. తెగిపోవును. తెగిన దినమున నేమి జరుగునో మేము స్వానుభవమున నెరిగినవారము.

కొన్ని యేండ్ల క్రిందట మాకొక చిన్న మోటారు బండి యుండెను. పట్టా మార్చవలసిన గడువు దాటినదని మేస్త్రీ మాతో రెండు మారులు చెప్పెను. మూత తీసి చూడగా పట్టా నల్లగా, గట్టిగా, ఒక్క పగులైనను లేక యుండెను. "బాగుగనే యున్నది గదా, వేసవి సెలవులలో చూతము" అని మేము కాలము గడపితిమి. ఆ సెలవులలోనే ఒకనాడు మా తల్లిగారిని కంటి శస్త్రచికిత్సకై ఒంగోలు నుండి గుంటూరునకు తీసికొని పోవుచుండగా, చిలకలూరిపేట దాటిన పిమ్మట ఇంజను ఉన్నట్లుండి యాగిపోయెను. మా తల్లిగారు రెండు గంటలసేపు వేపచెట్టు నీడను కూర్చుండిరి. మమ్ము ఒక్క మాటయు ననలేదు. నాటి శస్త్రచికిత్స మూడు వారములు వెనుకబడెను. తరువాత మేస్త్రీ ఇంజను విప్పి, వంగిన కవాటములను మా చేతిలో పెట్టెను. పట్టా వెల వందలలో నుండగా, మేము చెల్లించినది వేలలో. తప్పు పట్టాది కాదు, మాది. కావున ఈ సంచికలో ఆ బాలుని ప్రశ్నకు సమాధానము వ్రాయుచున్నాము.

పట్టా చేయు పని

మోటారు ఇంజనులోని సిలిండరులో నాలుగు పనులు వరుసగా జరుగును. పెట్రోలు కలిసిన గాలిని పీల్చుట మొదటిది; దానిని అదుముట రెండవది; అది మండి పిస్టనును క్రిందికి త్రోయుట మూడవది; పొగను వెడలగొట్టుట నాలుగవది. ఈ నాలుగును ముగియుటకు క్రింద నున్న క్రాంకు దండము రెండు చుట్లు తిరుగవలెను. కాని గాలిని లోనికి విడుచు కవాటము, పొగను వెలికి విడుచు కవాటము ఈ రెండు చుట్లలో ఒక్కొక్క మారే తెరచుకొనవలెను. కావున కవాటములను నొక్కు క్యాము దండము, క్రాంకు రెండు మారులు తిరుగునప్పుడు ఒక్క మారు తిరుగును. అందుచేతనే క్యాము చక్రమునకు క్రాంకు చక్రమునకంటె రెండు రెట్లు పళ్లుండును.

ఒక లెక్క వేయుదము. క్రాంకు నిమిషమునకు 6000 చుట్లు తిరిగినచో క్యాము 3000 చుట్లు తిరుగును. అనగా ప్రతి కవాటమును సెకనునకు 50 మారులు తెరచుకొని మూసికొనును. ఇంత వేగములో ఈ రెండు దండములను ఒకే తాళముపై నిలుపునది ఆ పళ్ల పట్టాయే. మనదేశమున దీనిని టైమింగు బెల్టు అందురు. ఇటలీ, ఫ్రాన్సు దేశీయులు తమ భాషలలో 'పంపిణీ పట్టా' అనెడి యర్థము వచ్చునట్లు పిలుతురు. సిలిండరులకు గాలిని, పొగకు దారిని వేళ తప్పక పంచిపెట్టునది గనుక ఆ పేరు. నిప్పురవ్వలను పంచు డిస్ట్రిబ్యూటరు వేరొక పరికరమని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

రబ్బరు ఎట్లు వచ్చినది

పూర్వపు బండ్లలో ఈ పనిని ఇనుప గొలుసు గాని పళ్ల చక్రములు గాని చేసెడివి. ఫియటు 1100 నమూనాను బట్టి నాటి బొంబాయిలో తయారై మన ఊళ్లలో బహుకాలము తిరిగిన పద్మిని బండికి గొలుసే యుండెను. గొలుసు గట్టిదే, కాని బరువైనది, చప్పుడు చేయునది, ఎడతెగక నూనె కోరునది.

పళ్లు గల రబ్బరు పట్టాను 1940వ దశాబ్దమున అమెరికాలో గిల్మరు కంపెనీవారు మొదట కుట్టుమిషనుల కొరకు చేసిరి. సూదియు, క్రింది దారపు కండెయు వేళ తప్పక కలిసికొనినగాని కుట్టు పడదు గదా! జర్మనీలో గ్లాస్ అను కంపెనీవారు 1962లో ఇట్టి పట్టా గల కారును అమ్మకమునకు తెచ్చిరి. పిమ్మట ఇటలీలోని ట్యూరిను నగరమున ఫియటు కంపెనీ ఇంజనీరు ఆరేలియో లాంప్రెది, రెండు క్యాము దండములు గల ఇంజనునకు ఈ పట్టాను అమర్చెను. అంతకుముందు ఆయన ఫెరారీ పందెపు బండ్లకు ఇంజనులు రూపొందించినవాడు. ఆ ఇంజనుతో 1966లో వెలువడిన ఫియటు 124 స్పోర్టు స్పైడరు అను రెండు తలుపుల స్పోర్టు కారు 1985 వరకు తయారయ్యెను. నేటికిని పలుదేశములలో అభిమానులు దానిని భద్రముగ నడుపుచున్నారు. దాని ఇంజనులో పట్టా ముందువైపున నుండి, మూత తీయగానే చక్రములన్నియు కంటికి గనబడును. పాఠమునకు ఇంతకంటె అనుకూలమైనది లేదు. కావున 1438 ఘన సెంటీమీటర్ల మొదటి ఇంజనునే తీసికొందము.

మార్చు విధము

మొదట ఇంజను బాగుగ చల్లారవలెను. బ్యాటరీ తీగ విప్పవలెను. రేడియేటరు నీటిని పాత్రలోనికి దింపి, పై గొట్టమును, ఫ్యాను పట్టాను, ముందు మూతను తీయవలెను. ఇంజను చేతితో సులభముగ తిరుగుటకు స్పార్కు ప్లగ్గులను గూడ తీయుదురు.

రెండవది గుర్తులు కలుపుట. క్రాంకు చివరి నట్టుకు పానా తగిలించి, ఇంజను తిరుగు దిక్కుననే మెల్లగా త్రిప్పవలెను. క్రాంకు కప్పీపై గీత, మూతపై నున్న సున్న గుర్తునకు ఎదురుగా వచ్చునప్పుడే రెండు క్యాము చక్రములపై గుర్తులును తమ ములుకులకు ఎదురుగా నిలువవలెను. క్యాము గుర్తులు కనబడనిచో క్రాంకును ఇంకొక చుట్టు త్రిప్పవలెను. ఎందుకో పై లెక్క చదివినవారు చెప్పగలరు. అప్పుడు డిస్ట్రిబ్యూటరు మూత తీసి, లోని ముల్లు ఎటు చూచుచున్నదో సుద్దతో గుర్తు పెట్టుకొనవలెను. ఏలయన, ఈ ఇంజనులో పట్టా మూడవ దండమును గూడ త్రిప్పును. నూనె పంపునకు, పెట్రోలు పంపునకు, డిస్ట్రిబ్యూటరునకు అదియే యాధారము. అది జరిగినచో నిప్పురవ్వ వేళ తప్పును. ఈ జాతి ఇంజనులలో కొన్నింట ఆ దండముపై నున్న గుబ్బ రెండవ పిస్టను కడ్డీకి తగులు ప్రమాదమును గలదు.

మూడవది పాత పట్టాను తీయుట. పట్టాను బిగించి యుంచు చిన్న కప్పీకి నట్టు, స్ప్రింగు ఉండును. నట్టు వదులు చేసి, కప్పీని వెనుకకు నెట్టి, నట్టును బిగించినచో పట్టా ఊడివచ్చును. ఇక క్రాంకును గాని క్యాములను గాని విడివిడిగా త్రిప్పరాదు. కప్పీని వ్రేలితో త్రిప్పి చూచి, గరగర శబ్దము వచ్చినచో దానిని గూడ మార్చవలెను. ఎక్కడనైనను నూనె కారుచున్నచో ముందు దానిని ఆపవలెను; నూనె రబ్బరునకు శత్రువు.

నాలుగవది క్రొత్త పట్టా. దానిని మడువరాదు, మెలిపెట్టరాదు, నూనెచేతులతో ముట్టరాదు. లోపల గాజునారతో పేనిన త్రాళ్లుండును. అవియే దాని బలము. మడిచినచో అవి విరుగును, పైకి మాత్రమేమియు గనబడదు. క్రాంకు చక్రముపై మొదలిడి, మూడవ దండము, క్యాము చక్రములు, కడపట బిగింపు కప్పీ, ఈ వరుసను తొడుగవలెను. వదులంతయు కప్పీ వైపుననే యుండవలెను. అప్పుడు నట్టు వదిలినచో స్ప్రింగు తానే పట్టాను లాగి పట్టును.

ఐదవది అన్నిటికంటె ముఖ్యము. తాళపుచెవి త్రిప్పక ముందు, క్రాంకును చేతితో రెండు నిండు చుట్లు త్రిప్పవలెను. మధ్యలో ఏదేని గట్టిగా అడ్డినచో బలవంతము చేయక ఆగవలెను. రెండు చుట్ల పిమ్మట గుర్తులన్నియు మరల కలిసినచో నట్టును గట్టిగా బిగింపవచ్చును. ఒక్క పన్ను తప్పినను పట్టాను తీసి మరల తొడుగవలసినదే. క్యాము చక్రమునకు 40 పళ్లున్నవనుకొందము. ఒక పన్ను తప్పుట యనగా క్యాముపై 9 డిగ్రీలు, క్రాంకుపై 18 డిగ్రీలు తప్పుట. అప్పటికి ఇంజను నడిచినను బలము తగ్గును. ఇంకను ఎక్కువ తప్పినచో పిస్టను పైకి వచ్చు వేళకు కవాటము తెరచుకొనియే యుండి, రెండును ఢీకొనును. చేతితో త్రిప్పునప్పుడు ఆ తాకిడి చేతికి తెలియును. ఇంజను పరుగెత్తునప్పుడు తెలియులోపల కవాటము వంగిపోవును.

సమాధానము

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వత్తుము. రబ్బరుతో నెందుకు చేసిరనగా, తేలికగను నిశ్శబ్దముగను నూనె లేకను పని చేయుటకు. తెగిపోదా యనగా, తెగును. కాని గడువులోపల మార్చినచో తెగు నవకాశము మిక్కిలి తక్కువ. ఇనుప గొలుసు అరుగునప్పుడు తరచుగ చప్పుడు చేసి మనలను హెచ్చరించును. రబ్బరు పట్టా హెచ్చరింపదు. దానికి హెచ్చరిక పుస్తకములో వ్రాసిన గడువు మాత్రమే. ఆ గడువు కిలోమీటర్లలోనే కాక యేండ్లలోను చెప్పబడును. బండి షెడ్డులో కదలక యున్నను రబ్బరు ముదురుచునే యుండును.

తల్లిదండ్రులకు ఒక మనవి. బండి గలవారు దానితో వచ్చిన పుస్తకమును ఈ వారమే తెరచి, తమ బండికి గొలుసున్నదో పట్టా యున్నదో, పట్టాయైనచో కడపట నెప్పుడు మార్చిరో చూచుకొనుడు. పాత బండిని కొనువారు అమ్మువానిని ఈ సంగతి మొదట నడుగుడు. అతడు చెప్పలేనిచో పట్టాను మార్పించిన తరువాతనే దూరప్రయాణము పెట్టుకొనుడు. చూచుటకు బాగుగ నున్నదని మేమనుకొన్నట్లు మీరనుకొనవలదు.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు పానా పట్టువారు కావచ్చును. మీ చేతిలోని బండిలో ఎవరి తల్లి ఎక్కి యే యాసుపత్రికి పోవలసియున్నదో మీకు తెలియదు. కావున ఎంత తొందర యున్నను, ఆ రెండు చుట్లు చేతితో త్రిప్పుట మానకుడు.