కాన్పు కుట్లు: జూనియర్ డాక్టర్లకు నా అనుభవ పాఠాలు

1. బిడ్డ పుట్టి మాయ పడ్డాక, సూది పట్టకముందే మలద్వారంలో వేలు పెట్టి చూడండి. పైన చర్మం కాస్తే చీలి ఉండొచ్చు, లోపల కండర వలయం పూర్తిగా తెగి, కొసలు పక్కలకు ముడుచుకుపోయి ఉండొచ్చు. చూపుడువేలు మలద్వారంలో, బొటనవేలు యోనిలో పెట్టి తడిమితే ముందువైపు కండరం ఉందో లేదో తెలిసిపోతుంది. 1993లో లండన్‌లో అబ్దుల్ సుల్తాన్ బృందం అల్ట్రాసౌండ్‌తో పరీక్షిస్తే, మామూలు కాన్పయిన తొలిచూలు తల్లుల్లో నూటికి 35 మందికి ఆ కండరంలో లోపం బయటపడింది. అనుభవజ్ఞులు శ్రద్ధగా చూస్తే వీటిలో చాలావరకు లేబర్ రూమ్‌లోనే దొరుకుతాయని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఈ ఒక్క అలవాటు మీకు అబ్బితే చాలు, నా మిగతా మాటలు మరిచిపోయినా బాధపడను.

2. కేస్ షీట్‌లో 'పెద్ద చీలిక' అని రాసి వదిలేయకండి. మలద్వారపు బయటి కండరం సగంలోపు తెగితే 3ఎ, సగం దాటితే 3బి, లోపలి కండరం కూడా తెగితే 3సి, మలాశయపు పొర దాకా చీలితే నాలుగో డిగ్రీ. అనుమానం ఉంటే పై డిగ్రీగానే రాయండి.

3. మూడు, నాలుగో డిగ్రీ చీలికల కుట్లు ఓటీలోనే వెయ్యాలి. స్పైనల్ గానీ పూర్తి మత్తు గానీ ఇస్తే తప్ప బిగుసుకున్న కండరం వదలదు, కొసలు లాగకుండా దగ్గరకు రావు. అర్ధరాత్రి మత్తు డాక్టరును లేపడానికి మొహమాటపడకండి. కుట్టగల చెయ్యి మీ ఆస్పత్రిలో లేకపోతే, రక్తస్రావం అదుపు చేసి పెద్దాస్పత్రికి పంపండి. ఎనిమిది, పన్నెండు గంటలు ఆగి నిపుణులు కుట్టినా ఫలితం తగ్గలేదని స్వీడన్ పరిశోధన చెప్పింది.

4. లోపలి కండరం పాలిపోయి పలచగా ఉంటుంది. దాన్ని వెతికి విడిగా కుట్టండి. ఎర్రటి బయటి కండరం పూర్తిగా తెగితే కొసలు కలిపి కుట్టినా, ఒకదానిమీద ఒకటి వేసి కుట్టినా సరే. సగమే తెగితే కొసలు కలిపి కుట్టడమే. ఎనిమిది అంకె కుట్టు వద్దు, రక్తప్రసరణ ఆగిపోతుంది.

5. మన ఇళ్లలో పచ్చి బాలింతకు పథ్యం పేరుతో కారప్పొడి అన్నం పెట్టి, మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తారు. మలం గట్టిపడితే ఆ ఒత్తిడంతా కొత్త కుట్ల మీదే. యాంటీబయాటిక్, లాక్టులోజ్ చీటీలో రాస్తే సరిపోదు. తల్లినో అత్తగారినో పక్కన కూర్చోబెట్టుకుని, "అమ్మా, నీళ్లు బాగా తాగనివ్వండి, కూరలు పెట్టండి" అని మీరే చెప్పాలి.

6. ఆరు వారాలకో పన్నెండు వారాలకో వచ్చినప్పుడు భర్తను బయట కూర్చోమని, నెమ్మదిగా అడగండి: "గాలి ఆపుకోగలుగుతున్నావా తల్లీ? తొందరైతే బాత్రూం దాకా ఆగగలుగుతున్నావా?" అడక్కపోతే ఎవరూ చెప్పరు. బస్సెక్కడం, పెళ్లిళ్లకు వెళ్లడం మానేసి, ఇదంతా కాన్పుతో వచ్చే కర్మే అనుకుని ఏళ్లు గడిపేసిన ఆడవాళ్లను చూశాను. తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. సరిగ్గా కుడితే ఏడాది తిరిగేసరికి నూటికి అరవై నుంచి ఎనభై మందికి ఏ ఇబ్బందీ ఉండదు. మిగిలినవాళ్లకు ఫిజియోథెరపీ ఉంది, అవసరమైతే మళ్లీ ఆపరేషన్ ఉంది.

7. ఏ డిగ్రీ చీలికో, ఏం కుట్టారో డిశ్చార్జ్ కాగితం మీద తెలుగులో కూడా రాసివ్వండి. మలి కాన్పు వేరే ఊళ్లో జరగొచ్చు. మామూలు కాన్పా, సిజేరియనా అన్నది అక్కడి డాక్టరు ఆ కాగితం చూసి, ఆమెతో మాట్లాడి తేల్చుకుంటారు.