రంగు చివరి పని

విజయవాడ

చి. మేనకోడలికి,

నువ్వు పంపిన ఫొటోలు అందాయి. పెద్దవి చేసి ఒక్కోటీ చాలాసేపు చూశాను. బావగారి మారుతి 800 మళ్లీ రోడ్డెక్కిస్తానన్నావు, చాలా సంతోషమైంది. మొత్తం బండికి రంగు కొట్టేస్తే తుప్పు బాధ వదిలిపోతుందని మీ వీధి చివర షాపతను చెప్పాడన్నావు చూడు, ఆ మాట మాత్రం వినకు. తుప్పు ఉన్నచోట పైన ఎంత ఖరీదైన రంగు వేసినా అది మూత పెట్టినట్టే. లోపల దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది.

ఇది నేను చేసిన తప్పు వల్ల తెలుసుకున్న సంగతి. ఆటోనగర్‌లో పని నేర్చుకునే రోజుల్లో ఒకాయన కూతురి పెళ్లి ముందు అంబాసిడర్ తెచ్చాడు. నాలుగు రోజుల్లో కావాలన్నాడు. డోరు కింద అరచేతంత తుప్పు. గీకడానికి తీరిక లేక దాని మీదే లప్పం పట్టించి, రుద్ది, రంగు కొట్టి ఇచ్చేశాను. పెళ్లిలో అద్దంలా మెరిసింది. వానాకాలం వెళ్లాక ఆయన మళ్లీ వచ్చాడు. ఒక్క మాట అనలేదు. ఊడిన లప్పం పెచ్చు నా చేతిలో పెట్టాడు. పైన నిగనిగలాడే నలుపు, తిరగేస్తే ఇటుకపొడి రంగు. ఆ పెచ్చు బరువు ఇవాళ్టికీ నా చేతికి గుర్తుంది.

మీ ఇల్లు సముద్రానికి దగ్గర. ఇనుముకు నీరూ గాలీ రెండూ తగిలితే తుప్పు పుడుతుంది, ఉప్పు తోడైతే పరుగెడుతుంది. రేకు మీద కంపెనీ వేసిన పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతు, అంటే అటూఇటూగా ఒక తెల్లకాగితమంత. రాయి తగిలి అది చిట్లితే చాలు, ఉప్పుతేమ లోపలికి దారి చేసుకుంటుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టుపక్కల రంగును పైకి లేపుతుంది. అందుకే కంటికి శనగగింజంత కనిపిస్తే కింద రూపాయి బిళ్లంత ఉంటుందనుకుని మొదలుపెట్టు.

నీ ఫొటోల్లో మూడు రకాలున్నాయి. బానెట్ మీద రాళ్లు తగిలి లేచిన చుక్కలూ, 2014లో హుద్‌హుద్ తుఫాను రోజు కొబ్బరిమట్ట పడి చేసిన గీతా ఒక రకం. కుడి ముందు చక్రం పైన అంచున గోధుమరంగు మచ్చ రెండోది. ఎడమ డోరు అడుగున బొబ్బలు మూడోది. మొదటి రెండూ నువ్వే చేసుకోగలవు. మూడోది తుప్పు లోపల్నుంచి బయటికి తినుకుంటూ వచ్చిన లక్షణంలా ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కి చూడు. గట్టిగా ఉంటే పైపై తుప్పు, మొన దిగిపోతే రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాల్సిందే. దానికి ఇంట్లో వైద్యం లేదు.

చక్రం అంచు సంగతి చెప్తాను, అసలు పనంతా అక్కడే ఉంది. సబ్బుతో కడిగి, బాగా ఆరాక, చుట్టూ రెండు వేళ్ల ఎడం వదిలి మాస్కింగ్ టేపు అంటించు. 80 నంబరు ఎమరీ పేపరుతో మొదలుపెట్టు. రంగు పోయేదాకా కాదు, తుప్పు పోయి రేకు వెండిలా మెరిసేదాకా రుద్దాలి. రంగు గట్టిగా అంటుకుని ఉన్నచోటు తగిలేదాకా అంచు వెంట తవ్వుకుంటూ వెళ్లు. అప్పటికీ సన్నటి గుంటల్లో నల్లచుక్కలు మిగులుతాయి. చాలామంది అక్కడే విసుగెత్తి వదిలేస్తారు. ఆ చుక్కల్లో మళ్లీ మొలవడానికి సరిపడా తుప్పుంటుంది. వాటికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ చిన్న బ్రష్‌తో పూయి. గుంటలోని తుప్పును అది కదలని ఫాస్ఫేటు పొరగా మారుస్తుంది. ఢిల్లీ ఇనుప స్తంభం 1,600 ఏళ్లుగా నిలబడటానికి కారణం ఆ ఇనుములో భాస్వరం ఎక్కువుండి పైన ఫాస్ఫేటు పొర కట్టడమేనని కాన్పూర్ ఐఐటీ ప్రొఫెసర్ బాలసుబ్రమణ్యం గారు పరిశోధించి చెప్పారు. ఆ సంగతి చదివిన రోజు, మా షెడ్డులోని కన్వర్టర్ డబ్బా మీద నాకు గౌరవం పెరిగింది. పూశాక ఎంతసేపు ఉంచాలో, కడగాలో తుడవాలో డబ్బా మీద ఉన్నట్టే చెయ్యి. సరుకును బట్టి మారుతుంది.

తర్వాత 180, 320, 400 నంబర్లతో పాత రంగు అంచును మెట్టు లేకుండా వాలుగా చెయ్యి. కళ్లు మూసుకుని, పల్చటి గుడ్డ మీదుగా వేలు పోనియ్యి. వేలికి మెట్టు తెలిస్తే రేపు కంటికీ తెలుస్తుంది. ఒట్టి వేలు మాత్రం రేకుకు తగలనివ్వకు, చెమటలోనూ ఉప్పే ఉంటుంది. చివరిగా థిన్నర్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఆరగానే ప్రైమర్ వెయ్యి. రేపు వేద్దాంలే అనుకోకు. మీ ఊరి గాలికి రాత్రంతా వదిలేసిన రేకు తెల్లారేసరికి ఎర్రబారుతుంది.

ప్రైమర్ ఎపాక్సీదే తీసుకో. మామూలు సర్ఫేసర్ స్పాంజిలా తేమ పీల్చుకుంటుంది, ఒట్టి రేకు మీద దాన్ని నమ్మకు. ఎపాక్సీ రెండు డబ్బాలుగా వస్తుంది, రాసి ఉన్న కొలత ప్రకారం కొంచెమే కలుపుకుని పల్చగా రెండు పూతలు వెయ్యి. గుంటలు ఇంకా కనబడితే లప్పం ఆ ప్రైమర్ మీదే, అదీ గోరుతో తీసినంతే.

రంగుకు బానెట్ కింద ప్లేటు మీద కోడ్ ఉంటుంది. ఇన్నేళ్ల ఎండకి మీ తెలుపు కొంచెం పచ్చబారి ఉంటుంది కాబట్టి కోడ్ ఒక్కటీ సరిపోదు. బండినే రంగుల షాపుకి తీసుకెళ్లి, ఒకచోట రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్ది చూపించి, దానికి కలిపించుకో. మీది సాదా తెలుపు, మెటాలిక్ అయితే పైన క్లియర్ కోటు కూడా ఉండాల్సి వచ్చేది.

బానెట్ చుక్కల దగ్గర బ్రష్‌ను నమ్మకు. అగ్గిపుల్ల మొన చెక్కి, రంగులో ముంచి, గుంట మధ్యలో ఒక్క చుక్క వదులు. రంగు తనంతట తనే అంచులదాకా పాకి ఆగుతుంది. అది చూడముచ్చటగా ఉంటుంది. పూత ఆరనిచ్చి మళ్లీ చుక్క, అలా నాలుగైదుసార్లు, చుట్టూ ఉన్న రంగు కంటే పిసరు ఎత్తు వచ్చేదాకా. వారం రోజులు దాని జోలికి వెళ్లకు. తర్వాత 2000 నంబరు వాటర్ పేపరును పిల్లల రబ్బరుకు చుట్టి, సబ్బునీళ్లతో ఆ ఎత్తు వరకే అరగదీసి, కాంపౌండ్ పట్టించు.

ఇవేవీ ఇప్పుడొద్దు. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు వేస్తే పూత మీద పాలమీగడలా తెల్లటి మసక కమ్ముతుంది. సంక్రాంతి వెళ్లాక, మంచు ఆరిపోయాక, ఉదయం పదింటి తర్వాత నీడలో వెయ్యి.

ఒక సంగతి గట్టిగా చెప్తున్నాను. హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురెథేన్) రంగు ఇంట్లో స్ప్రే చేయొద్దు. అందులో ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. మా షెడ్డులో పనిచేసిన ఇద్దరు ఆయాసంతో పని మానుకున్నారు. నీకు అగ్గిపుల్లా, చిన్న బ్రష్షూ చాలు. రుద్దేటప్పుడు దుమ్ము మాస్కు, చేతులకు గ్లవుజులు, థిన్నర్ తెరిస్తే తలుపులన్నీ బార్లా తీసి, వంటగదికి దూరంగా. అక్కయ్యకు ఆ వాసన పడదు, ఆమెను ఆ పూట పక్కింటికి పంపు.

ఇక ఎడమ డోరు. డోరు అడుగున నీళ్లు బయటికి పోవడానికి చిన్న చిన్న కంతలుంటాయి. వాటిలో మట్టి పూడుకుపోతే అద్దం వెంట జారిన వాననీరంతా లోపలే నిలిచి రేకును తింటుంది. ఈ ఆదివారం చీపురుపుల్లతో ఆ కంతలు పొడిచి చూడు. నీళ్లు కారితే ఎంత కారాయో, ఏ రంగులో వచ్చాయో నాకు ఫోన్ చెయ్యి. కనుమ తర్వాత రెండు రోజులు మీ ఇంట్లోనే ఉంటాను. లోపలి ప్యాడ్ విప్పాకే దాని సంగతి తేలుతుంది కాబట్టి అప్పటిదాకా ఆ బొబ్బల్ని గోకవద్దు. కవరు కప్పేటట్టయితే బండి పూర్తిగా ఆరాకే కప్పు, కింద మ్యాట్లు తీసి ఎండలో వెయ్యి.

మీ మావయ్య