తెలుసుకుందాం: రాతియుగం వేటగాళ్లు

ఈసారి గోడ పత్రికలో చరిత్ర పాఠం రాసే వంతు నాకు వచ్చింది. రాతియుగం వేటగాళ్ల గురించి రాస్తున్నాను. దానికి ఒక కారణం ఉంది. పోయిన సంవత్సరం ఆటల పోటీలకు వేరే ఊరు పోయినప్పుడు ఒక అమ్మాయి నాతో, "మీరు కోయోళ్లు కదా, సాంఘిక పుస్తకంలో ఆదిమానవుని బొమ్మ ఉంటది చూడు, అది మీ తాతే" అని నవ్వింది. చుట్టూ ఉన్నోళ్లు కూడా నవ్వారు. నాకు జవాబు రాలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చిన. అప్పటి నుంచి ఆ పాఠం మీద దొరికిందల్లా చదివిన.

రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆంగ్లేయుడు భూగర్భ సర్వే శాఖలో పని చేసేవాడు. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లవరంలో ఆయనకు ఒక చేతిగొడ్డలి దొరికింది. గొడ్డలి అంటే మన ఇళ్లలోది కాదు. దానికి కర్ర ఉండదు. చేతిలో పట్టే రాయినే రెండు పక్కలా చెక్కి పదును చేస్తారు. మన దేశంలో పాత రాతియుగం మీద పరిశోధన ఆ రాయితోనే మొదలైంది. తరువాత 1884లో ఆయన, ఆయన కొడుకు హెన్రీ కలిసి కర్నూలు వైపు బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు తవ్వారు (ఆ ప్రాంతం 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది). అక్కడ ఎన్నో జంతువుల ఎముకలు దొరికినయి. వాటిలో ఖడ్గమృగం ఎముకలు కూడా ఉన్నయి! ఇప్పుడు ఖడ్గమృగం చూడాలంటే అస్సాం లాంటి చోటికి పోవాలి, లేకపోతే జూకి పోవాలి.

ఆ ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవి అని ఇంకో గుహ ఉంది. గవి అంటే గుహ. పేరు భలే ఉంది కదా. 1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తి గారు దాన్ని తవ్వారు. ఎముకలతో చేసిన పనిముట్లు, ఒక పొయ్యి బయటపడినయి. ఆ పొయ్యి వయసు సుమారు 17 వేల సంవత్సరాలు.

పొయ్యికి వయసు ఎలా తెలుస్తుందని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. మట్టిలో, చుట్టూ ఉన్న రాళ్లలో కొంచెం రేడియోధార్మికత ఉంటుంది. దాని శక్తి మట్టి రేణువుల్లో కొంచెం కొంచెంగా చేరుతూ ఉంటుంది. మంట పెట్టి బాగా కాలిస్తే చేరిందంతా పోయి సున్నా అవుతుంది. మంట ఆరినాక మళ్లీ మొదటి నుంచి చేరుతుంది. ఆ కాలిన మట్టిని ల్యాబులో వేడి చేస్తే, చేరిన శక్తి సన్నని వెలుగుగా బయటికి వస్తుంది. ఆ వెలుగును కొలిచి, ఏడాదికి ఎంత చేరుతుందో లెక్క కట్టి, చివరి మంట ఎప్పటిదో చెప్తారు.

ఇది చదివినప్పుడు మా పాత ఇల్లు గుర్తొచ్చింది. మేము అక్కడి నుంచి లేచి వచ్చి నాలుగేళ్లయింది. గోడలు వానకు కరిగినయి, గుంజలు చెదలు తిన్నయి. పోయిన వేసవిలో చూస్తే అమ్మమ్మ వంట చేసిన చోట మాత్రం మట్టి ఎర్రగా, ఇటుక లెక్క గట్టిగా ఉంది. అమ్మమ్మ ఇప్పుడు లేదు.

మన అడవుల్లో వాన, వేడి, చెదలు కలిసి కర్రను, ఎముకను మిగలనియ్యవు. ఎక్కువగా రాళ్లే మిగులుతయి. ఆ గుహలు సున్నపురాయివి కాబట్టి ఎముకలు నిలిచినయి. భూమికి ఉత్తరం చివర సైబీరియాలో ఇంకో విధంగా ఉంటుంది. అక్కడ నేల ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది, అందుకని వస్తువులు కుళ్లవు. యానా అనే నది దగ్గర సుమారు 32 వేల ఏళ్ల కిందటి వేటగాళ్ల స్థావరం దొరికింది. అందులో మామత్ ఏనుగు దంతంతో చేసిన వస్తువులు, కన్ను ఉన్న ఎముక సూదులు ఉన్నయి. అంత చలిలో తోలు బట్టలు కుట్టుకోకపోతే ఒక్క రాత్రి కూడా బతకలేరు. జోహోవ్ అనే దీవిలో అయితే 9 వేల ఏళ్ల కిందటి వాళ్లు ధ్రువపు ఎలుగుబంట్లను వేటాడారు, కుక్కలను సాకారు. మంచు మీద లాగే బండి ముక్కలు కూడా దొరికినయి.

మళ్లీ మన వైపు వద్దాం. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో సుమారు 35 వేల ఏళ్ల కిందటి సూక్ష్మ రాతి పనిముట్లు దొరికినయి. అవి గోరంత, వేలంత ఉంటయి. ఇంత చిన్నవాటితో ఏం చేస్తారని, బొమ్మ గీసుకొని సెలవుల్లో తాతకు చూపించిన. తాత చదువుకోలేదు. బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది చేత పట్టేది కాదు బిడ్డా. కర్రకు కూర్చి, బంక పెట్టి అతికిస్తరు. ఒకటి ఇరిగితే ఇంకోటి పెడతరు" అన్నాడు. శాస్త్రజ్ఞులు చెప్పేది కూడా అదే! తాత చిన్నప్పుడు భూమి పండుగకు ఊరంతా వేటకు పోయేదట. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, ఇప్పుడు వేట నేరం. విల్లు మాత్రం మా చూరు కింద ఉంది.

ఇంకొక మాట. పుస్తకంలో ఎప్పుడూ ఈటె పట్టుకున్న మగమనిషి బొమ్మే వేస్తారు. దుంపలు తవ్విన, తునికి పళ్లు ఏరిన ఆడవాళ్లు ఎక్కడ? వేట రోజూ దొరకదు కదా. దుంపలు, పళ్లు మట్టిలో మిగలవు, అందుకే బొమ్మలోకి రాలేదేమో అని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ అమ్మాయికి నా జవాబు. దక్షిణ భారతంలో పశువులు సాకడం, పంట పండించడం మొదలై సుమారు 5 వేల ఏళ్లే. జ్వాలాపురంలో ఆ రాళ్లు చెక్కిన నాడు మన దేశంలో ఎవరికీ పొలం లేదు, ఊరు లేదు. నీ ముత్తాతల ముత్తాతలు కూడా వేటగాళ్లే. మా తాత జొన్న పండిస్తాడు, ఆయన బాణం మొన ఇనుముది. ఆయనది రాతియుగం కాదు, నీ కాలమే. ఆ బొమ్మలో ఉన్నాయన ఎవరి తాతైనా సరే, పొయ్యి పెట్టడం, రాయి చెక్కడం, జంతువు దారి కనిపెట్టడం తెలిసిన మనిషి. నవ్వాల్సింది ఏముంది?

ఈ పాఠం చిత్తుప్రతి తాతకు చదివి వినిపించిన. అంతా విని ఒక్కటే అడిగాడు: "ఆ మంచు దేశంల కుక్కలు బండి లాగినయా? మన కుక్క అన్నం పెడితేనే లేవదు."